పేరు దాచుకోని మనిషి – బుర్రకథ నాజర్ గారు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో హోదా గల పెద్దలను తలుచుకోవటం మన ఆనవాయితీ. ఈసారి ఒక పల్లెటూరి కష్టజీవిని గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు మమ్మల్ని కోరారు. మాకు వెంటనే తట్టిన పేరు షేక్ నాజర్ గారిది.

మన విజయవాడ నుంచి కృష్ణ దాటి గుంటూరు వైపు వెళితే తాడికొండ దగ్గర పొన్నెకల్లు అనే ఊరుంది. 1920 ఫిబ్రవరి 5న ఆ ఊళ్లో ఒక పేద దూదేకుల ఇంట నాజర్ గారు పుట్టారు. దూది ఏకటమంటే ఏమిటో నేటి పిల్లలకు తెలియదు. పెద్ద విల్లు, దానికి నరంతో పేనిన నారి. ఆ నారిని దూదిలో పెట్టి కొయ్య పిడితో కొడుతుంటే, ఆ అదురుకు దూది పింజలు పింజలుగా విడిపోయేది, నలుసు రాలిపోయేది. సాయంత్రానికి మనిషి కనుబొమ్మలతో సహా తెల్లబడేవాడు. ఆ నుసి గొంతులోకి పోయి రాత్రంతా దగ్గు. ఊరందరికీ మెత్తటి పరుపు కుట్టి ఇచ్చినవాడు తాను చాప మీద పడుకునేవాడు.

అటువంటి కులంలో పుట్టిన పిల్లవాడికి పాట అబ్బింది. చిన్ననాడే నాటకాల్లో వేషాలు కట్టారు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యగారి వద్ద సంగీతం నేర్చుకున్నారు. పేదరికం నిలవనివ్వక, పెదరావూరులో హార్మోనియం వాయిస్తూ, పిల్లలకు నాట్యం నేర్పుతూ పొట్ట పోసుకున్నారు. 'భక్త రామదాసు' నాటకంలో కబీరు వేషం వేశారు. ఆ పైన ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథ చేపట్టారు. నడుమ తంబురతో, వేళ్లకు అందెలతో కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. 1943 నాటి బెంగాలు కరువును కథగా చెప్పి జనం చేత కంటతడి పెట్టించారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఊరూరా చెప్పారు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలోనూ ఆయన బుర్రకథ ఉంది. 1986లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

ఇవన్నీ గొప్ప సంగతులే. కాని మేము మీ ముందు పెట్టదలచింది వేరే ఉంది. నాజర్ గారు తమ జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తిగారికి చెప్పి రాయించారు. ఆ పుస్తకానికి పెట్టిన పేరేమిటో తెలుసా? 'పింజారి'. మన తెలుగునాట నోరు జారితే తిట్టుగా వాడే మాట అది. పద్మశ్రీ అందుకున్న మనిషి ఆ మాటనే తమ కథకు పేరుగా పెట్టుకున్నారు.

మరి మనం ఏం చేశాం? సిగ్గు విడిచి మా ఇంటి సంగతే చెబుతాం. మా తాత విల్లు చాలాకాలం ఇంటి దూలానికి వేలాడుతుండేది. మా చెల్లెల్ని చూడటానికి పెళ్లివారు వస్తున్నారని మేమే దాన్ని దించి, గోనెపట్టా చుట్టి అటక మీద పడేశాం. తాత అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఒక్క మాటన్నాడు: "ఒరే, ఆ విల్లు తిండి తినే గదరా మీరు ఇంతయ్యింది!" మేం జవాబు చెప్పలేదు. సంబంధం కుదిరింది. విల్లు మళ్లీ దూలానికెక్కలేదు. తాత పోయాక వెతికితే చెద తిన్న కర్ర మిగిలింది.

అందుచేత మా మనవి ఇది. వచ్చే ఏటి సంచికలో పెద్దల ఫోటోలు వేసుకుందాం, కాదనం. కాని నాలుగు పేజీలు విడిగా ఉంచుదాం. దూది ఏకినవారు, రిక్షా తొక్కినవారు, కళ్లంలో బస్తాలు మోసినవారు, ఇంటింటా పరుపులు కుట్టిన తల్లులు — మీ ఇంటి ముసలివారి దగ్గర కూర్చుని అడగండి, రాసి పంపండి. చదువు రాకపోతే చెప్పండి, మేమే రాసుకుంటాం. వారు బతికుండగానే అడగండి. మేం ఆలస్యం చేశాం.

నాజర్ గారికీ, మన ఇళ్లల్లో పేరు లేకుండా కష్టపడి వెళ్లిపోయిన పెద్దలందరికీ అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.