గోదావరి గట్టున గురుపీఠము

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగనే మిమ్ములను ఉపన్యాసమునకు కూర్చుండబెట్టినందుకు మన్నింపవలెను. ఈ దినమే మన మరాఠీ సోదరుల ముంగిళ్ళలో గుడులు నిలిచినవి. మరి కొలది దినములకు సిక్కు సోదరుల వైశాఖి వచ్చును. ఒక్క ఊరిలో ఇన్ని పండుగలు చూచు భాగ్యము నాందేడులో స్థిరపడిన మనకు దక్కినది. హుజూర్ సాహెబ్ గురుద్వారపు బంగారు శిఖరమును చూచుచునే మనము బజారుకు పోయి వచ్చుచుందుము. ఆ శిఖరము క్రింద జరిగిన కథ మాత్రము మన పిల్లలలో చాలమందికి తెలియదు. అందుచేత ఈ యేడు దానిని చెప్పుకొందమని తలచినాము.

గురు గోవిందసింగు 1666లో పాట్నాలో జన్మించినారు. తండ్రిగారైన తేగ్ బహదూరు 1675లో ఢిల్లీలో ఔరంగజేబు ఆజ్ఞచే ప్రాణము లర్పింపగా, పసితనముననే గురుపీఠపు భారము ఆయన మీద పడినది. 1699 వైశాఖి నాడు ఆనందపురములో ఖాల్సాను నెలకొల్పినారు. ఆనాడు తల నిచ్చుటకు లేచి నిలిచిన ఐదుగురిలో ఒకరు బీదరువారనియు, ఒకరు పూరీ జగన్నాథమువారనియు సిక్కులు చెప్పుకొందురు. బీదరు పొరుగున మనకు చుట్టములు లేరా? పూరీకి పోయే దారిలో మన తెలుగు ఇండ్లు లేవా? పంజాబులో వెలసిన ఆ పంథాకు మొదటినాడే మన దిక్కుతో బంధుత్వము కుదిరినదన్నమాట.

తరువాతి కాలమున ఆయన నలుగురు కుమారులను పోగొట్టుకొన్నారు. ఇద్దరు యుద్ధములో పోరాడి మరణించిరి. పసివాండ్రయిన ఇద్దరిని సర్హిందు నవాబు చంపించెను. 1707లో ఔరంగజేబు గతించినాడు. కొత్త పాదుషా బహదూర్ షా దక్షిణమున ఉన్న తన సవతి తమ్ముడు కాంబక్షు మీదికి సేనతో వచ్చుచుండగా, గురువుగారు కూడ ఇటు పయనించి 1708లో నాందేడు చేరినారు. ఇచట గోదావరి గట్టున ఉన్న మాధవదాసను బైరాగి ఆయనకు శిష్యుడై, బందాసింగు బహదూరను పేర పంజాబుకు వెళ్ళి, 1710లో సర్హిందును గెలిచెను. 1716లో ఢిల్లీలో ఘోరమైన శిక్షకు గురియై ప్రాణము విడిచెను.

గురువుగారు నాందేడులోనే హంతకుని కత్తిపోటునకు లోనైనారు. కుట్లు వేసిన గాయము మరల తెగినది. 1708 అక్టోబరు 7వ తేదీన పరమపదించినారు. అంతకు ముందు ఆయన చేసిన పని ఒకటి కలదు. తన తరువాత మనుష్యుడెవ్వడును గురువు కాడనియు, గ్రంథమే గురువనియు నిర్ణయించినారు. కొడుకులు లేని తండ్రి ఆస్తిని ఎవరికి వ్రాయునా అని లోకము చూచుచుండగా, ఆయన పీఠమును పుస్తకమునకు వ్రాసి యిచ్చినారు. అది జరిగినది మన ఊరిలో.

ఆ గ్రంథము మొదట 1604లో గురు అర్జునదేవుని చేత కూర్పబడినది. ఇప్పటి అచ్చుప్రతి 1430 పుటలు. అందులో సిక్కు గురువుల కీర్తనలే గాక, నేతపని చేసిన కబీరు పాటలు, చర్మకారుడైన రవిదాసు పాటలు, ఈ మహారాష్ట్ర భక్తుడు నామదేవుని పాటలు ఉన్నవి. మగ్గము మీద బ్రతికి వచ్చిన కుటుంబములు మనలో ఎన్నో ఉన్నవి. ఒక సాలెవాని పాటకు మహారాజులు తలవంచు చోటు మన వీధి చివరనే ఉన్నదని పిల్లలు తెలిసికొనవలెను.

గురువుగారి దహనము జరిగిన చోట ఇప్పుడున్న మందిరమును పంజాబు మహారాజు రణజిత్ సింగు 1832 మొదలు 1837 వరకు కట్టించినారు. అప్పుడిది నిజాము రాజ్యము. ఆ రోజులలోనే నిజాము దివాను చందూలాలు కోరికపై లాహోరు నుండి సిక్కు సైనికులు హైదరాబాదుకు వచ్చినారు. వారి సంతతివారే దక్కనీ సిక్కులు. రెండు వందల యేండ్లకు సమీపముగా ఈ నేల మీదనే ఉన్నారు. సిక్కుల ఐదు తఖ్తులలో ఈ గురుద్వార మొకటి. ఇచ్చట ప్రతిదినము గోదావరి జలము తెచ్చి మందిరమును కడుగుదురు. సాయంకాలము దీపములతో హారతి యిత్తురు. 1956లో హైదరాబాదు శాసనసభ దీని నిర్వహణకై ప్రత్యేక చట్టము చేసినది. 2008లో గ్రంథము గురువైన మూడు వందల యేండ్ల పండుగ ఇచ్చటనే జరిగినది.

గత మాఘమాసములో మేము మన సంఘపు పిల్లలను అక్కడికి తీసికొనిపోతిమి. లంగరులో అందరితోపాటు పంక్తిని కూర్చుండి రొట్టె, పప్పు తిన్నాము. వడ్డించుచున్న ఒక వృద్ధ సర్దారుగారు మా మాట విని, చక్కని తెలుగున ఏ ఊరివారని అడిగినారు. ఆయన హైదరాబాదు దక్కనీ సిక్కు. ఆయన మనుమడు పక్కనే గిన్నె పట్టుకొని ఉన్నాడు. ఆ పిల్లవాడు బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువునట. గురుముఖి ఇంటిలో తాతగారు నేర్పినారట. ఎందుకింత శ్రమ అని మేము అడిగితిమి. చదివేవాడు లేకపోతే మా గురువు మాట్లాడడు గదా అన్నారు ఆయన నవ్వుచు.

ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. తిరిగి వచ్చుచు పిల్లలకు సంఘపు ద్వారము మీది తెలుగు పలకను చూపి చదువుమంటిమి. పదునొకండుగురిలో ఇద్దరు చదివినారు. తక్కినవారు తెలుగు చక్కగా మాట్లాడుదురు, అక్షరము రాదు. తప్పు వారిది కాదు. మన సాయంకాలపు తెలుగు తరగతికి ఎందరు పిల్లలను పంపుచున్నామో మనకే తెలియును. మేము కూడ మా ఇంటి పిల్లల విషయమున తప్పు చేసినవారమే.

మన ఊరి దగ్గర పారిన గోదావరి దిగువన బాసరలో సరస్వతీదేవి పాదముల చెంతకు పోవును. అక్కడ పసివారికి అక్షరాభ్యాసము చేయింతుము. ఆ నీరే కడకు యానాము వాకిట పారి సముద్రము చేరును. నది తన దారి తాను వెదకికొనును. భాషకు ఆ శక్తి లేదు. తాత నేర్పిననాడే మనుమనికి వచ్చును. వచ్చే ఆదివారము నుండి తరగతి మరల తెరచుచున్నాము. మేము మా మనుమలను వెంటబెట్టుకొని వత్తుము. మీరు మీ పిల్లలను తీసికొని రండు.

నూతన సంవత్సరము మీకందరకు శుభములు కలిగించుగాక.