ఒక్క తడి

అనంతపురం జిల్లాలోని విడపనకల్లు చుట్టూ నల్లరేగడి. అదునులో వాన పడితే పప్పుశనగ ఆ పదునుతోనే పండుతుంది. అదే జిల్లాలోని ఎర్రనేలలకు ఆ భాగ్యం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వాన, సరిగ్గా వేరుశనగ ఊడలు దిగే వేళకే మొహం చాటేస్తుంది.

స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చింది ఈ కరువులోకే. అంతకుముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో బావులు తవ్వుకునే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి నిలబెట్టినవాడాయన. ఇక్కడ ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును పల్లెల్లో ఆర్డీటీ అంటేనే తెలుస్తుంది. బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, ఆడవాళ్ల పేరిట ఇళ్లు... అందరూ చెప్పుకునేవి ఇవే. నాకు మాత్రం ఆర్డీటీ పొలాల్లో చేయించిన మట్టిపనే గొప్పగా తోస్తుంది.

వాలుకు అడ్డంగా గట్టు వేస్తే పారే నీళ్లు నిలిచి ఇంకుతాయి, పైమన్ను కొట్టుకుపోదు. చేను దిగువ మూలన కుంట తవ్వితే నాలుగు గట్టి వానల నీళ్లు దాచుకోవచ్చు. బెట్ట ముదిరినప్పుడు ఆయిల్ ఇంజను పెట్టి, స్ప్రింక్లర్లతో ఒక్క తడి ఇస్తే కాయ నిలబడుతుంది. పైగా గట్టు పనంటే కరువు రోజుల్లో ఊళ్లోనే కూలి. బెంగళూరు బస్సు ఎక్కక్కర్లేదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థది ఇంకో దారి. అక్కడ ఆడవాళ్లే పొదుపు సంఘాలు నడుపుకుంటారు. అక్కడిదే ధరణి సహకార సంఘం, సభ్యుల కొర్ర, సామ కొని, బాగుచేసి, పట్నాల్లో అమ్మిపెడుతుంది.