కోచ్‌ను తిడితే ఏమొస్తది?

2023-24 ఐఎస్ఎల్ సీజన్ల ఒకరోజు నల్లగొండ క్లాక్‌టవర్ కాడ చాయ్ తాగుతుంటే మా పాలమూరు దోస్తు, కేరళ బ్లాస్టర్స్ ఫ్యాన్, నవ్విండు: "సీజన్ సగమైంది, మీ హైదరాబాద్ ఒక్కటీ గెలవలే. కోచ్‌ను మార్చుర్రి!"

నేనన్న: అరే, 2022 మార్చి 20న గోవాలో ఫైనల్ల మీ కేరళనే ఓడగొట్టినం కదా! పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపిండు. అప్పటి కోచ్ మనోలో 2023ల గోవా టీంకు పోయిండు. జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయిండ్రు. ఉన్న పోరగాళ్లతోనే సింగ్టో ఆడించిండు. మోకాలికి దెబ్బ తగిలితే ఫిజియో చూస్తడు. జీతం ఆగితే ఎవరు చూడాలె?

వాడు సప్పుడు చెయ్యలే. చాయ్ పైసలు వాడే ఇచ్చిండు. గచ్చిబౌలిల తర్వాతి మ్యాచ్‌కు ఇద్దరం పోయినం. మరి మీరేమంటరు? తప్పు కోచ్‌దా, మేనేజ్‌మెంట్‌దా? కామెంట్ల చెప్పుర్రి.