గాయపడిన గద్దకు పాలు పట్టకండి



గద్ద అనగానే మనకు కోడిపిల్లను తన్నుకుపోయే దొంగే గుర్తుకొస్తుంది. గుడ్లగూబ సంగతి సరేసరి, పేరెత్తితేనే అపశకునం. వాటికి వైద్యమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే.

చాలా ఏళ్ల కిందట, కనుమనాడు, విజయనగరంలో మా డాబా మీద ఒక గద్ద పడింది. గాలిపటం మాంజా రెక్కకు చుట్టుకుని కోసుకుపోయింది. గాజుపొడి పూసిన దారం కత్తితో సమానం కదా! పాపం దాహంగా ఉందేమోనని దాని ముక్కు తెరిచి చెంచాతో పాలు పోశాను. పిల్లలు చుట్టూ చేరి నిమిరారు. తెల్లారేసరికి చచ్చిపోయింది. తర్వాత మాకు తెలిసిన పశువుల డాక్టరుగారు చెప్పారు: "అమ్మా, పక్షికి నాలుక మొదట్లోనే గాలిగొట్టం ద్వారం ఉంటుంది. మీరు పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయుంటాయి. కడుపులోకి పోయినా పక్షులకు పాలు అరగవు." నిమరడం మనకు ముద్దేగాని, దానికి పులి నోట్లో పడ్డట్టేనట. గాయంతో పోయిందో, నా దయతో పోయిందో, ఇప్పటికీ తేల్చుకోలేను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను సోంపేట వైపు మా పుట్టింట్లో ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా కూలిపోయాయో మీకు వేరే చెప్పాలా? గాలి తెరిపిచ్చాక చూస్తే పెరట్లో గోడవార ఒక తెల్ల గుడ్లగూబ, తడిసి ముద్దయి ఉంది. కాకులు పొడుస్తున్నాయి.

"ఏటమ్మా, సావుపిట్టని ఇంట్లోకి తెస్తారేటి?" అంది పనిమనిషి. మా అమ్మ కూడా మొహం చిట్లించింది. "గాదెలో ఎలుకలు పడ్డాయని ఏడుస్తాం గదా, ఆ ఎలుకల్ని తినేది ఇదే" అన్నాను.

ఈసారి పాల జోలికి పోలేదు. మందపాటి తువ్వాలు తలతో సహా కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా పట్టుకున్నాను. ఈ జాతి పక్షుల బలమంతా ముక్కులో కన్నా కాలిగోళ్లలో ఉంటుంది, జాగ్రత్తపడాల్సింది అక్కడే. అట్టపెట్టెకు కన్నాలు పొడిచి, అడుగున పాతగుడ్డ పరిచి, అందులో పెట్టి మూసేశాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. తిండి లేదు, నీళ్లు లేవు, చీకటీ నిశ్శబ్దమూ మాత్రమే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారులన్నీ చెట్లతో మూసుకుపోయాయి, ఎవర్ని పిలుస్తాం? మాటిమాటికీ మూత తీసి చూడాలని ఎంత మనసు పీకిందో! మర్నాడు మసకచీకటి వేళ పెట్టెను ప్రహరీగోడ మీద పెట్టి మూత తీశాం. కాసేపు కదల్లేదు. తర్వాత ఈసమంత చప్పుడు లేకుండా ఎగిరిపోయింది. "పోనీలెండి, మా ఇంటి మీద వాలకపోతే సాలు" అంది పనిమనిషి.

దానికి ఎముక విరగలేదు గనుక సరిపోయింది. రెక్క వేలాడుతున్నా, నెత్తురు కారుతున్నా పెట్టెలో పెట్టి వెంటనే అటవీశాఖ వారికి ఫోను చెయ్యండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచేసుకోవడం నేరం. చట్టం మాట అటుంచి, మనకు చేతకాదు కూడా. ఎముక అతుక్కున్నా రెక్కలో సత్తువ పోతుంది. విశాలమైన పంజరంలో ఎగిరి ఎగిరి, మళ్లీ వేటాడి బతకగలదని తేలాకే వదలాలి. ఎముకల్లేని మెత్తని మాంసమే మేపితే పిల్లలకు ఎముకలు వంకరపోతాయి. పసికూనను చేత్తో పెంచితే మనిషినే తన జాతనుకుంటుంది. ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు వేలాది గద్దలకు వైద్యం చేశారు. 2022లో వచ్చిన 'ఆల్ దట్ బ్రీత్స్' సినిమా వారి కథే. అది ఏళ్ల తరబడి నేర్చిన విద్య. మన వంతు పెట్టె, ఫోను.

ఇంకోమాట. ఈకలొచ్చిన పిల్ల చెట్టుకింద కనిపించి, గాయమేమీ లేకపోతే ఇంటికి తేకండి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేపుతుంటాయి. కుక్కకు అందకుండా కొమ్మ మీద పెడితే చాలు.

నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. నిషేధమున్నా పండగనాడు ఆకాశంకేసి చూస్తే నాకు భయమే. అందుకని ముక్కనుమనాడు మా వీధి ఆడవాళ్లం పిల్లల్ని వెంటబెట్టుకుని, చేతికందే చెట్లకు చిక్కుకున్న దారమంతా కత్తిరించి తెస్తాం. కరెంటు తీగల జోలికి మాత్రం పోము. పోయినసారి సిమెంటు బస్తా నిండింది.