బూడిద ఉడుత - ఎఱ్ఱ ఉడుత

ఉడుత అనగానే తెలుగువారి మనస్సు మెత్తబడును. సేతుబంధనమునకు ఇసుక మోసి, శ్రీరాముని కరస్పర్శచే వీపున చారలు పొందినదని మనము చిన్ననాటినుండి వినుచున్న ప్రాణి అది. అట్టి ఉడుతను పట్టి చంపుటకు ఒక దేశమున, జంతువులయెడ ప్రేమగలవారే పూనుకొనియున్నారనిన శ్రోతలకు వింతగాను, కొంత బాధగాను ఉండవచ్చును. అందలి న్యాయాన్యాయములను నేడు విచారింతము.

బ్రిటనుదేశపు అడవులలో అనాదిగా నున్నది ఎఱ్ఱ ఉడుత. చెవులపై కుచ్చువంటి వెండ్రుకలు, రాగివన్నె తోక, సుమారు 300 గ్రాముల బరువు. ఉత్తర అమెరికానుండి తెచ్చిన బూడిద ఉడుత దీనికి ఇంచుమించు రెండింతలు తూగును. 1876లో చెషైరు మండలమునందలి హెన్‌బరీ ఉద్యానమున వీనిని విడిచిరి. పిదప మఱికొందఱు ధనికులును తమ తోటల సొగసు కొఱకు విడిచిరి. ఎవరికిని దురుద్దేశము లేదు. చూడ ముచ్చటైన జంతువని మాత్రమే తలచిరి.

క్రొత్త ఉడుత పాతదానిపై పడి చంపదు. కాయలను పండకమునుపే తినివేయును. తిండి తగ్గగా ఎఱ్ఱ ఉడుతలకు సంతానము తగ్గును. అంతకన్న ఘోరమైనది మశూచివంటి యొక వ్యాధి. దాని వైరసు బూడిద ఉడుతల ఒంట నున్నను వానికి చెఱుపు చేయదు. ఎఱ్ఱవానికి సోకినచో సాధారణముగ కొలదిదినములలోనే ప్రాణము తీయును. నేడు ఆ దేశమున బూడిద ఉడుతలు సుమారు 27 లక్షలని అంచనా; ఎఱ్ఱవి 3 లక్షలకు లోపు. అందును అధికభాగము స్కాట్లండునందే కలవు.

ప్రభుత్వము 1937లో వీని దిగుమతిని, పెంపకమును నిషేధించెను. 1953 నుండి కొన్నియేండ్లు తోకకు ఒక షిల్లింగు, తరువాత రెండు షిల్లింగులు బహుమాన మిచ్చెను. అయినను ఉడుతలు తగ్గలేదు. అక్కడొకటి ఇక్కడొకటి చంపినచో, ఖాళీయైన చోటికి ప్రక్క అడవినుండి వేఱొకటి వచ్చి చేరును.

వేల్సు తీరమునందలి ఆంగ్లసీ ద్వీపమున మాత్రము పని వేఱుగా సాగినది. 1998 నాటికి అచట ఎఱ్ఱ ఉడుతలు నలుబదికి మించి లేవు. బోనులు పెట్టి, చిక్కిన ఎఱ్ఱవానిని విడిచి, బూడిదవానిని బాధ తెలియకుండ చంపుచు, విడువక పదునైదేండ్లు శ్రమించిరి. 2013 నాటికి ద్వీపమున బూడిద ఉడుత లేకపోయెను. ఎఱ్ఱవి వందలకొలది పెరిగినవి. కాని అందుకై చచ్చిన ఉడుతలు ఆఱువేలకు పైమాట. ఆ లెక్కను మఱువరాదు.

ఆలస్యమైనచో ఆ లెక్క యెంత పెరుగునో ఇటలీ చెప్పును. 1948లో టూరిన్ నగర సమీపమున రెండు జతలను విడిచిరి. 1997లో, అవి ఇంకను కొలదిప్రాంతమునందే యుండగా, నిర్మూలనకు పూనుకొనిరి. జంతుకారుణ్యసంఘములవారు న్యాయస్థానమునకు పోయి ఆ పని నిలిపివేయించిరి. అధికారులు తుదకు నిర్దోషులని తేలిరి. ఈలోపున ఉడుతలు విస్తరించి, పూర్తిగా తొలగించు అవకాశము చేజాఱెను. గోటితో పోవునది గొడ్డలికి వచ్చెను.

చంపకుండ సాధించు మార్గము లేదా? ఐర్లండు మధ్యభాగమున పైన్ మార్టెన్ అను వేటజంతువు తిరిగి వృద్ధిచెందగా బూడిద ఉడుతలు సన్నగిల్లి, ఎఱ్ఱవి మరలివచ్చినవి. సంతానము కలుగకుండ మందు కలిపిన ఆహారము పెట్టుటకు బ్రిటనులో పరిశోధనలు జరుగుచున్నవి. ఇవి ఫలించిన మేము సంతోషింతుము. అంతవఱకు చేతులు ముడిచికొనుట కరుణ యనిపించుకొనదు. ఆ మౌనమునకు వెల ఎఱ్ఱ ఉడుత చెల్లించును.

ఈ కథ మనకు దూరము కాదు. కృష్ణానదియందు జాలరుల వలలు చింపుచున్న దెయ్యపుచేప, ఇండ్లలో అలంకారపు తొట్లకై దక్షిణ అమెరికానుండి తేబడినదే. పెంచి విసిగిన చేపను, తాబేలును చెఱువులో విడుచుట పుణ్యమని తలచువారు మనలోను గలరు. నేరము ఉడుతది కాదు, చేపది కాదు; తెచ్చి విడిచిన చేతిది. ఆ చేతిని ఆపుకొనుటయే మన నీళ్లకు, అడవులకు మనము చేయగల ఉడుతాభక్తి.