తాళంచెవి ఉన్నది, నకలు రావలసి ఉన్నది
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగపాఠం)



ఈ సంచికకై సేకరించిన ఛాయాచిత్రాలు, ప్రవేశ పట్టికల నకళ్ళు గల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మొరాయించినది. పిల్లల వివరాలు పరుల చేత పడరాదని అందులోని సమాచారాన్ని గుప్తలిపిలో భద్రపరచినాము. అది సబబే.

1922 ప్రాంతంలో తిరుమల ఆలయపు అరలో నుండి అన్నమాచార్యుల రాగిరేకులు వెలుగులోకి వచ్చినవి. లిపి తెలుగే కనుక పండితులు చదువగలిగినారు. మన డిస్కు అటువంటిది కాదు. మరమ్మతుతో తిరిగినా, పాస్‌వర్డ్ లేనిదే ఒక్క అక్షరమూ అర్థం కాదు. కొన్నింటిలో గుప్తీకరణ చేసేది యూఎస్‌బీ తగిలించే చిన్న సర్క్యూట్ పలక. దానిని పారవేస్తే పాస్‌వర్డ్ తెలిసినా డిస్కు తెరచుకోదు. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని అదే డిస్కులో దాచేవారూ కలరు. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టినట్లు!

మా సిబ్బంది టకటక శబ్దం వినగానే విద్యుత్తు తొలగించినారు. ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగినా సమ్మతించలేదు. ఈ రెండే ఆశ నిలిపినవి. నిపుణులు ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి, ఆ నకలుపైనే కీ ప్రయోగిస్తారు. కీ కాగితంపై కార్యాలయంలో భద్రంగా ఉన్నది. అరిగిన డిస్కు నుండి నకలు ఎంత వచ్చునో ఇంకా తేలలేదు.

కావేరిలో పుట్టి ఎక్కిన విహారయాత్ర ఫోటోలు, తరగతి ఫోటోలు మీ ఇండ్లలో ఉంటే దయచేసి ఎరువివ్వండి. నకలు తీసి, అసలువి మీకే తిరిగి అందజేస్తాము.