కంచు బొమ్మలో కదలిక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కోనసీమవారికి లోహవిగ్రహము క్రొత్త కాదు. ఉత్సవమూర్తి మేను అద్దమువలె నునుపు. అభయహస్తము చూచినంతనే భావము తెలియును. అది శాస్త్రమేర్పరచిన ముద్ర. ఆధునిక శిల్పి త్రోవ వేఱు. అతడు కూలివానిని పోతపోయును. కూలివానికి ముద్రలెక్కడివి? వంగిన నడుము, బిగిసిన పిక్క, నేల నదిమిన మడమ, ఇవియే వాని భాష.

చెన్నపట్టణమున మెరీనా తీరమందలి 'శ్రమవిజయము' ఇందుకు తార్కాణము. దానిని నిర్మించినవాడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి. వంగదేశీయుడైన ఈయన 1929 మొదలు 1957 వరకు చెన్నపట్టణపు చిత్రకళాశాలకు అధిపతిగా నుండెను. అంట్యాకుల పైడిరాజువంటి తెలుగువారు ఆయన శిష్యులు. 1959లో ప్రతిష్ఠింపబడిన ఆ శిల్పమున నలుగురు శ్రామికులు ఒక పెనుబండను కదలింప పెనగుచుందురు. బండ యింకను తొలగలేదు; పేరు మాత్రము విజయము! ఆ విజయము ఫలమందు కాదు, పూనికయందున్నదని వారి దేహములే చెప్పుచున్నవి. పడవను ఒడ్డునకు లాగువారిని చూచిన మనకు ఆ బిగువు వేఱుగ వివరింప నక్కఱలేదు.

ఇక మేని గరుకు. కొందఱు దానిని పనితనపు లోపమందురు. అది పొరపాటు. శిల్పి ముందు మట్టితో రూపము దిద్దును. దానినుండి అచ్చు తీసి, మైనపు ప్రతి చేసి, మైనమును కరగించి, ఆ ఖాళీలో రాగి తగరముల మిశ్రమమైన కంచును పోయుదురు. మట్టిపై బొటనవ్రేలు ఒత్తిన గుఱుతు సైతము కంచున నిలుచును. ఆ మిట్టపల్లములపై ఎండ ప్రాకుచుండ కండరము కదలినట్లు తోచును. ఫ్రాన్సు దేశపు రోడిన్ ఈ మార్గమున మేటి. 1877లో ఆయన శిల్పమును చూచి, సజీవ దేహమునుండియే అచ్చు తీసెనని కొందఱు నిందించిరి!

ఆనందవర్ధనుడు కావ్యమునకు ధ్వని ఆత్మ యనెను. శిల్పమునందును అంతే. ఆకారము వాచ్యము, గరుకు మేను, ఒరిగిన భుజము పలుకునది ధ్వని.

కావున ఒక మనవి. కూడలిలోని కంచు విగ్రహమునకు జయంతి వచ్చినపుడెల్ల బంగారు రంగో వెండి రంగో పూయుట పలుచోట్ల ఆచారమైనది. పూత పూతకు పల్లములు పూడును, శిల్పి వ్రేలిముద్ర మాయును. ముఖము మెఱయును గాని మాటాడదు. కొత్తపేటవంటి విగ్రహశిల్పుల ఊరు గల ఈ సీమలో ఇది తగునా? దుమ్ము తుడిచిన చాలును. పిదప చుట్టును తిరిగి, ఉదయమొకసారి, సాయంకాలమొకసారి చూడుడు. పద్యమును నిదానముగ చదువుట ఈ గ్రంథాలయము నేర్పినది. విగ్రహమును అట్లే చదువవలెను.

స్వస్తి.